శేషగిరి శనివారాలు

ఐర్లండులో, డబ్లిన్‌కి దగ్గర్లో ఉన్న నేస్ ఊళ్ళో, మా ఇంటిని ఆనుకునే శేషగిరి ఇల్లు. మధ్యలో ఒక్కటే గోడ. అటు కుక్కర్ కూత పెడితే ఇటు నాకు వినిపించేది. ఆ మనిషిని తలచుకుంటే నాకు ముందు కోపం వస్తుంది. జాలి తరవాత వస్తుంది, వచ్చిందంటే ఓ పట్టాన పోదు.

ఆయనది ప్రొద్దుటూరు పక్కన ఒక పల్లె. మందుబిళ్ళలు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజనీరు. మా ఆయనా అక్కడే. ఐర్లండులో ఎవరి నోట విన్నా ఉద్యోగాల మాటే, ఎటు చూసినా క్రేన్లే. నిన్నటిదాకా ఆవులు మేసిన చోట ఇవాళ వరస ఇళ్ళు లేస్తున్న రోజులవి. మా ఎస్టేట్ కూడా అలా లేచిందే. శేషగిరి ఆరడుగుల మనిషి. గుమ్మంలో నిలబడితే లోపల లైటు వేసుకోవాల్సి వచ్చేది. అంత ఒళ్ళు పెట్టుకుని నోట్లో నాలుక లేదు. హోటల్లో ఒకటి అడిగితే ఇంకొకటి తెచ్చిపెట్టినా మారుమాట్లాడకుండా తినేసి వచ్చేవాడు. "చెప్పొచ్చు కదండీ" అంటే, "ఎందుకులే లలితమ్మా, వాళ్ళతో చెప్పుకోవడం" అనేవాడు. ఈ 'ఎందుకులే' అన్న మాట ఆయనకి పుట్టుకతో వచ్చిన జబ్బు.

రెండువేల రెండు చివర్లో ఆయన భార్య దమయంతికి రొమ్ములో గడ్డ కనబడింది. డబ్లిన్‌లో ఆపరేషన్ చేశారు, తరవాత మందులు ఎక్కించారు. ఆయనకి సెలవు దొరకని రోజుల్లో నా కారులోనే తీసుకెళ్ళేదాన్ని. వాళ్ళకి పిల్లలు లేరు, ఒకరికొకరే. ఐదేళ్ళు తిరగబెట్టకుండా ఉంటే గండం గడిచినట్టేనని డాక్టరమ్మ చెప్పింది. ఆ రోజే శేషగిరి వెంకటేశ్వరస్వామికి మొక్కుకున్నాడు. ఆ ఐదేళ్ళూ ప్రతి శనివారం ఒక్కపొద్దు. పొద్దు గూకాక, దేవుడి దగ్గర దీపం వెలిగించాకే మెతుకు ముట్టాలి. అంతదాకా మంచినీళ్ళు తప్ప ఏమీ లేదు.

శనివారాలు మనలో చాలామంది ఉంటారు. మా అమ్మా ఉండేది. మధ్యాహ్నం శుభ్రంగా భోంచేసి, రాత్రికి రెండు ఇడ్లీలు తిని పడుకునేది. ఈయన అలా కాదు, ఆ పస్తుకీ భార్య ఊపిరికీ ముడి వేసుకుని కూచున్నాడు. ఒక్క శనివారం తప్పితే ఆమె తనకి దక్కదని నిజంగానే నమ్మాడు. "తప్పితే ఏమైతాదో నాకు తెలుసు లలితమ్మా" అన్నాడొకసారి. అప్పుడాయన మొహం చూసి నాకు ఎదురు చెప్పబుద్ధి కాలేదు.

చలికాలంలో ఫరవాలేదు, ఇక్కడ నాలుగున్నరకే చీకటి పడుతుంది. జూన్‌లో రాత్రి పది దాకా సూర్యుడు కదలడు. ప్రొద్దుటూరులో కూచుని ఏర్పరచిన నియమాన్ని ఈయన నేస్ సూర్యుడి కింద పాటించాడు. "మన ఊళ్ళో ఎప్పుడో దీపాలు పెట్టేశారు అన్నయ్యగారూ, ఆ టైము చూసుకుని తినెయ్యండి" అన్నాను. "దేవునికి టైము చెప్పేంత మొగోన్నా నేను?" అన్నాడు. దమయంతి కూడా నచ్చజెప్పి చూసింది. ఆవిడతో అసలు వాదించేవాడే కాదు, నవ్వి ఊరుకునేవాడు.

మందులు ఎక్కించే రోజుల్లో ఆయనకి నిద్ర పట్టేది కాదు. మెట్లమీద కిందికీ పైకీ నడుస్తుంటే గోడ ఇవతల నాకు వినబడేది. దమయంతే పోరి, పొద్దున్నే కాలవ గట్టున నడిచి రమ్మని పంపేది. అలా నడుస్తున్న ఒక శనివారం, మార్చిలో అనుకుంటాను, ఒక పొలంలో నలుగురు కుర్రాళ్ళు, ఒక ముసలాయన కనబడ్డారట. ఒక కుర్రాడు కరెంటు స్తంభమంత చెట్టు మానుని నిలువునా గుండెకి ఆనించుకుని ఎత్తి, పది అడుగులు పరిగెత్తి, గాల్లోకి తిరగేశాడు. మాను పైకొన నేలకి తగిలి, కింది కొన పైకి లేచి, అవతలికి ఒరిగి పడింది. ఈయన గేటు పట్టుకుని నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"గేటు పడిపోతుందని పట్టుకున్నావా, లేక లోపలికొచ్చేదుందా?" అన్నాడట ముసలాయన.

ఆయన పేరు మలకీ డ్యూనన్. పడుచుతనంలో పని వెతుక్కుంటూ స్కాట్లండు వెళ్ళి, అక్కడి జాతర్లలో రాళ్ళూ మాన్లూ విసరడం నేర్చుకుని వచ్చాడు. పెళ్ళాం పోయింది. కూతురు ఊనా, ఆయన, ఆ పొలం. శనివారం పదింటికి వచ్చిన వాళ్ళకల్లా నేర్పేవాడు. శేషగిరి అని పలకడం వాళ్ళ వల్ల కాక 'షే' అన్నారు. అది వాళ్ళలో ఉన్న పేరేనట.

మొదటి రెండు నెలలూ మలకీ ఈయన్ని మానుని ముట్టుకోనివ్వలేదు. ముందు రాయి. ఏటి రాయిని మెడ వంపులో ఆనించి, ఒంటి చేత్తో ముందుకి నెట్టాలి. ఎద్దుల చేత బండ లాగించే ఊరివాణ్ణి, నాకు రాయి ఒక లెక్కా అనుకుని మనవాడు చేతి బలమంతా పెట్టి విసిరితే అది నాలుగడుగుల్లో పడింది, మోచెయ్యి వారం రోజులు వాచింది. మలకీ కర్రతో ఆయన తొడ మీద పొడిచి, "బలం ఇక్కడ ఉంది. చెయ్యి పని ఆఖర్న" అన్నాడు. తరవాత గొలుసూ రింగూ ఉన్న ఇనప గుండు. దాన్ని పట్టుకుని గిర్రున తిరిగి వదలాలి. తిరగడం వచ్చేదాకా చీపురు కర్ర చేతికిచ్చి అడుగులు వేయించాడు. అదే గుండుని ఒంటి చేత్తో వెనక్కి, నెత్తి మీదుగా, ఎత్తైన కర్ర దాటించాలి. ఈయన వదలకుండా పట్టుకుని పైకి చూసేవాడట. "నీ నెత్తి మీదే పడాలని ఉందా షే?" అని అరిచేవాడు మలకీ.

మే నెలాఖరుకి చిన్న మాను ఇచ్చాడు. వంగి, రెండు చేతుల వేళ్ళూ పెనవేసి కింది కొనకి పట్టు వేయాలి. మానుని భుజానికి ఆనించి లేవాలి. చూపు చేతుల మీద కాకుండా పైకొన మీద ఉండాలి. అది ఎటు ఒరిగితే అటు కాళ్ళు పోవాలి. ఆరోసారికో ఏడోసారికో తిరగబడిందట. ఆ రోజు ఇంటికొచ్చి మా తలుపు కొట్టి మరీ చెప్పాడు. ఆ మనిషి పళ్ళు కనబడేలా నవ్వడం నేను మొదటిసారి చూశాను.

"ఆడికి పోయొచ్చిన రాత్రి ఒళ్ళు తెలీకుండా నిద్ర పోతాండారక్కా" అంది దమయంతి. ఆమెకి జుట్టు మళ్ళీ వస్తోంది అప్పటికి. పోటీల్లో స్కాట్లండు వాళ్ళ కుచ్చుల గౌను కట్టుకోవాలని తెలిసి మేమిద్దరం పడీపడీ నవ్వాం. మలకీ తన పాతది ఇస్తే దమయంతి నడుం దగ్గర కుట్లు విప్పి వెడల్పు చేసింది. పంచె కట్టే వంశంలో పుట్టి దానికి సిగ్గుపడతారేంటని నేనే ఆటపట్టించాను.

మలకీకి ఒక పట్టింపు ఉండేది. వచ్చిన ప్రతివాణ్ణీ ముందు "ఏం తిన్నావ్?" అని అడిగేవాడు. ఖాళీ కడుపుతో వచ్చినవాణ్ణి గేటు అవతలికి పంపేసేవాడు. శేషగిరి మొదటి రోజే "పారిజ్ తిన్నాను" అన్నాడు, అంటే వాళ్ళు పొద్దున్నే తినే ఓట్స్ జావ. ప్రతి శనివారం అదే మాట. మొక్కు సంగతి చెప్పొచ్చు కదా? చెప్పడు. దేవుడితో పెట్టుకున్న మాట పదిమందిలో చాటుకోకూడదని ఒకటి, చెప్తే రానివ్వరని ఇంకొకటి, అన్నిటికీ పైన ఆ దిక్కుమాలిన 'ఎందుకులే' ఒకటి. పొద్దున పదింటికి కాబట్టి, ముందురోజు రాత్రి గట్టిగా తిని ఉంటాడు కాబట్టి, ఏడాది పాటు అబద్ధం సాగిపోయింది.

రెండువేల నాలుగు వేసవికి ఇళ్ళ పని ఇంకా ఎక్కువైంది. మలకీ దగ్గరకొచ్చే కుర్రాళ్ళందరూ బిల్డింగ్ సైట్లలో పనివాళ్ళు, శనివారాలు కూడా పనికి పోవాల్సి వచ్చింది. అందుకని మలకీ సాధనని శనివారం సాయంత్రం ఆరింటికి మార్చాడు. పది దాకా వెలుతురు ఉంటుంది కదా అన్నాడు. శుక్రవారం రాత్రి తిన్న అన్నంతో శనివారం సాయంత్రం ఆరింటికి మాను ఎత్తడం అంటే ఏమిటో మీరే ఊహించుకోండి. దమయంతి భయపడింది. "ఆడ ఉత్తగా నిలబడి చూసొస్తా, ఎత్తనులే" అన్నాడట ఆమెతో.

జూన్‌లో ఒక శనివారం మేమిద్దరం కూడా వెళ్ళాం. జూలైలో పోటీలు. గడ్డి మీద దుప్పటి వేసుకుని, ఫ్లాస్కులో టీ పోసుకుని కూచున్నాం. మలకీ అడగనే అడిగాడు. "పారిజ్" అన్నాడు శేషగిరి. దమయంతి నావైపు చూసింది. పదిమంది ముందు మొగుణ్ణి అబద్ధాలకోరు అనలేక ఊరుకుంది. నేను ఊరుకోవడం ఆమె మొహం చూసి.

ఆ రోజు మలకీ కొత్త మాను ఇచ్చాడు, పాతదానికన్నా ఓ మూడడుగులు పొడవు. శేషగిరి వంగి పట్టు వేశాడు, లేచాడు, నిలబడ్డాడు. బాగానే ఉందనుకున్నాం. రెండడుగులు వేశాక పైకొనని చూడాల్సిన తల ఒక్కసారి వాలిపోయింది. మోకాళ్ళు వంగాయి. మాను ఆయన నెత్తి మీదికే ఒరుగుతోంది. వెనక నిలబడ్డ మలకీ, అరవై ఎనిమిదేళ్ళ ముసలాయన, పరుగున వచ్చి భుజంతో ఈయన్ని ఒక్క తోపు తోశాడు. శేషగిరి అటు పడ్డాడు. మాను మలకీ నడుం మీద పడింది.

ఆ చప్పుడు ఎలాంటిదో నేను చెప్పను.

ఆంబులెన్స్ వెనకే ఆసుపత్రికి వెళ్ళాం. తుంటి ఎముక నుజ్జయిందన్నారు. శేషగిరి కారు పార్కులో కాలిబాట అంచు మీద కూచుని వణుకుతున్నాడు, పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఫ్లాస్కులో మిగిలిన టీలో చక్కెర ఎక్కువ వేసి కప్పు చేతికిచ్చాను. పుచ్చుకున్నాడు. నోటి దాకా తీసుకెళ్ళి ఆకాశం వైపు చూశాడు.

"ఇంగా పొద్దు గూకలేదు లలితమ్మా" అని కప్పు కింద పెట్టాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "లోపల ఆ ముసలాయన మీ మూలాన చావుబతుకుల్లో ఉంటే మీరింకా పొద్దు చూస్తున్నారా? ఏం మనిషండీ మీరు?" అని అరిచాను. అటుగా పోతున్న నర్సులు తిరిగి చూశారు. ఆయన రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. దమయంతి టీ కప్పు తీసి గడ్డిలో పారబోసి, ఆయన పక్కన కూచుంది. ఆ రోజు పది దాటి, పొద్దు గూకాక, ఇంట్లో దీపం వెలిగింది. అన్నం మాత్రం ఇద్దరూ తినలేదు.

మలకీకి ఆపరేషన్ అయింది కానీ మనిషి మంచం దిగలేదు. తోటి కుర్రాళ్ళు తడిగడ్డి మీద షే కాలు జారిందన్నారు. మలకీ ఒప్పుకోలేదు. "తప్పు నాదే. వాడికింకా అంత పొడవు మాను ఇవ్వకూడదు. ఇన్నేళ్ళలో నా దగ్గర ఒక్కడు పడిపోలేదు. నాకు కళ్ళు పోయాయి, ఇంక నేర్పకూడదు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంటున్నాడని ఊనా అంది. అది విన్నాక శేషగిరికి ముద్ద దిగలేదు. మూడుసార్లు వెళ్ళి, మంచం పక్కన కూచుని, చెప్పలేక లేచి వచ్చేశాడు. ఆఖరికి దమయంతే "ఈ పొద్దు చెప్పకుంటే ఇంటికి రావద్దండి" అంది.

చెప్పాడు. మొక్కు సంగతి, పారిజ్ సంగతి, అంతా. మలకీ విని అన్నాడట: "ముందే చెబితే ఆదివారానికి మార్చేవాణ్ణి కదా."

అంతే. ఒక్క మాట ఖర్చు. శేషగిరి ఏదో అనబోతే, "ఇప్పుడు వెళ్ళు షే" అని మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. ఆ తరవాత ఎన్నిసార్లు వెళ్ళినా చూడనివ్వలేదు. ఈయన వరండాలో కుర్చీలో కూచుని వచ్చేసేవాడు. శనివారాలు మాత్రం ఆపలేదు. కూచున్నది ఆసుపత్రి వరండాలోనైనా పస్తే.

నవంబరులో మలకీకి ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి పోయాడు. ఊనా ఫోన్ చేసింది. "శనివారం పదకొండింటికి చర్చికి తీసుకెళ్తున్నాం. ఎవరెవరు భుజం పట్టాలో నాన్న ముందే చెప్పాడు. షే ముందు వైపు, ఎడమ భుజం అన్నాడు. ఇంకో మాట కూడా చెప్పమన్నాడు. ఏదైనా తిని రమ్మన్నాడు. ఈసారి తొయ్యడానికి తను ఉండనన్నాడు."

ఫోన్ పెట్టేసి శేషగిరి వంటింట్లో నేల మీద కూలబడి ఏడ్చాడు. గోడ ఇవతల నేను విన్నాను. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఆ శనివారం పొద్దున అందరం మలకీ ఇంటికి వెళ్ళాం. మనకైతే ఇంట్లో శవం ఉంటే పొయ్యి వెలిగించరు, మంచినీళ్ళు కూడా ముట్టరు. వాళ్ళకలా కాదు. ముందు గదిలో మలకీ పెట్టెలో పడుకుని ఉన్నాడు, కోటు వేసి, జుట్టు దువ్వి. ఆ పక్కనే బల్ల మీద రొట్టె, వెన్న, టీ. వచ్చినవాళ్ళందరూ ఆయన మొహం చూసి, ఊనా చెయ్యి పట్టుకుని, ప్లేటు అందుకుంటున్నారు. పెట్టె మొయ్యాల్సిన ఆరుగురికీ ఊనా తనే వడ్డించింది. శేషగిరి ముందు కూడా ప్లేటు పెట్టి నిలబడింది. "తిను షే" అంది. ఆమె గొంతులో కోపం లేదు. అలసట ఉంది.

ఐదుగురు కుర్రాళ్ళు తిన్నారు. శేషగిరి ప్లేటు చూస్తూ కూచున్నాడు. బయట వాన మబ్బు, పదిన్నర అయినా కాలేదు. పొద్దు గూకడానికి ఇంకా ఎంతో ఉంది. శనివారం, పక్కన శవం, వేరేవాళ్ళ ఇల్లు. ఆయన చెయ్యి లేవలేదు.

దమయంతి లేచి వెళ్ళి ఆయన పక్కన మోకాళ్ళ మీద కూచుంది. రొట్టె తుంచింది.

"తినండి."

"నీకేమన్నా అయితే?" గొణిగాడు.

"అయితే అయితాది. మీరు పస్తులుండింది నా కోసరం. మాను పడింది ఆయప్ప మీద. ఇట్లా దక్కే ప్రాణం నాకొద్దు. ఆయప్ప చెప్పిపోయినాడు, తినండి."

శేషగిరి నోరు తెరవలేదు. ఆమె ముక్క ఆయన పెదాలకి ఆనించి పట్టుకుంది. ఆయన కళ్ళు మూసుకుని నోరు తెరిచాడు. నమిలాడు, మింగాడు. ఇంకో ముక్క పెట్టింది. ప్లేటు ఖాళీ అయ్యేదాకా పెట్టింది. ఊనా ఆ భాష ఒక్క ముక్క అర్థం కాకపోయినా గుమ్మంలో నిలబడి కళ్ళు తుడుచుకుంది.

పెట్టె ఎడమ వైపు ముందు భుజం ఆయనదే. చర్చి దాకా మోశాడు. ఎక్కడా తూలలేదు.

జనవరిలో చేసిన స్కాన్‌లో దమయంతికి ఈసారి కాలేయంలో గడ్డ కనబడింది. కిందటి వేసవికి ముందు నుంచే మొదలై ఉంటుందని డాక్టరమ్మ అంది. అంటే ఈయన ఒక్క శనివారం తప్పకుండా పస్తులున్న రోజుల్లోనే. ఆ మాట నేను కావాలనే ఆయనకి రెండుసార్లు తెలుగులో చెప్పాను. రొట్టెకీ దీనికీ ముడి పెట్టి మాట్లాడిన ఒకావిడ మీద చీపురు తిరగేసినంత పని చేశాను. శేషగిరి ఎవరితోనూ వాదించలేదు. నా మాట నమ్మలేదని మాత్రం ఆయన మొహమే చెప్పింది.

ఆ వచ్చిన శనివారం తెల్లారి స్నానం చేసి, నామం పెట్టుకుని, రొట్టె తిన్న రోజుతో ఆగిన ఒక్కపొద్దు మళ్ళీ మొదలుపెట్టాడు. దమయంతికి అప్పటికే నిలబడే ఓపిక తగ్గింది. గోడ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి, పెరుగన్నం కలిపి, గిన్నె తెచ్చి ఆయన ముందు పెట్టింది. మందులివ్వడానికి వెళ్ళిన నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

"నా ఎదురుగా తినండి. నేను చూడాల" అంది.

మే నెలలో పోయింది దమయంతి. ఉన్నన్నాళ్ళూ ప్రతి శనివారం మిట్టమధ్యాహ్నం ఆమె గిన్నె పెట్టేది, ఎదురుగా కూచునేది. కలపలేనప్పుడు నా చేత కలిపించేది. ప్రతి ముద్దతోనూ తనే ఆమెని చంపుకుంటున్నానని నమ్ముతూ, ఆమె అడిగింది కాబట్టి, మెతుకు మిగలకుండా తిన్నాడు శేషగిరి.